చెంగమ్మ చేతి ముద్ద

పుంగనూరు బయట పట్టుదారం తీసే షెడ్డులో, కాన్పుకు పోయిన మనిషి బదులు, పట్టుగూళ్లు తూకం వేసే పనికి మెర్సీ నెలరోజులకని చేరింది. వేడినీళ్లలో ఉడికిన పురుగుల కంపు మొదటిరోజే ఆమె ముక్కులో కాపురం పెట్టింది. దాన్నైనా ఓర్చుకోవచ్చు, మధ్యాహ్న భోజనాన్ని ఓర్చుకోవడమే కష్టం.

కొత్తగా వచ్చినవాళ్లకు రోజూ తొలి ముద్దను పెద్దామె చెంగమ్మ స్వహస్తాలతో నోట్లో పెట్టడం ఆ షెడ్డు ఆచారం. ఆ హస్తాలు పొద్దుటినుంచీ పురుగుల నీళ్లలో నాని, తెల్లగా ఉబ్బి, ఏ సబ్బుకూ లొంగని స్థితికి చేరినవి. వద్దంటే పని నేర్పేవాళ్లుండరు. అందుకని మెర్సీ వారంగా కళ్లు మూసుకుని, ప్రభువును తలుచుకుని, సంగటిని నమలకుండా మింగుతోంది.

ఆ రోజు ఇంట్లో చేసిన కేకు తెచ్చింది. అందరికీ పంచి, తానూ తిని, కడుపు నిండిందని తప్పించుకోవాలని ఉపాయం.

చెంగమ్మ ముక్కను వాసన చూసి మొహం ముడిచింది.

"ఏందమ్మా ఈ నీచు కంపు? గుడ్డేమన్నా ఏసినావా?"

"వేసినానక్కా."

"థూ! తీపిలో గుడ్డా? కడుపులో తిప్పతాండాది!"

మిగతావాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. చచ్చిన పురుగుల గంప వాళ్ల మోకాళ్లకు ఆనుకునే ఉంది. దానిమీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

అంతలో చెంగమ్మ మనసు కరిగింది.

"పాపం, ఇంట్లో ఇదా తల్లీ నువ్వు తినేది? అందుకే పుల్ల మాదిరి ఉండావు. రేపట్నుంచి నీ సంగటీ నేనే తెస్తా. ఒక్క ముద్ద కాదు, కడుపునిండా నేనే తినిపిస్తా. ఏదీ, నోరు తెరువు."

ఉద్యోగం ఇంకా మూడు వారాలుంది. మెర్సీ నోరు తెరిచింది.