మొగుళ్ళు మంచం పట్టని కథలు

ఆసుపత్రి వెనక లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఆవిడను తోటివాళ్ళందరూ నవలమ్మ అనేవాళ్ళు. మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరే. ఏళ్ళు గడిచేసరికి ఎగతాళి అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. ఆవిరి మిషన్లోంచి వేడివేడిగా వచ్చే దుప్పటికి ఒక కొస ఆమె, మరో కొస అక్కడే పనిచేసే పెద్దక్క పట్టుకుని విదిలించి, దగ్గరికి నడిచి, వెనక్కి నడిచి మడతలు వేసేవారు. చేతులు ఆ పనిలో ఉండగా నవలమ్మ నోరు కథ చెబుతుండేది. కోటీశ్వరుడైన హీరో, అతని దగ్గర ఉద్యోగానికొచ్చి అతన్నే లెక్కచేయని పిల్ల, ఇద్దరికీ మధ్య ఒక అపార్థం.

"వాళ్ళు నోరు తెరిచి ఒక్క మాట అనుకుంటే అయిపోయేదానికి అన్ని పేజీలు ఎందుకే?" అనేది పెద్దక్క.

"అనుకోరక్కా. అనుకుంటే మనకేం మిగులుతుంది?" అనేది నవలమ్మ.

ఆమె భర్త లారీ డ్రైవరు. వాన వచ్చేలా ఉందని లోడు మీదికెక్కి టార్పాలిన్ కడుతూ కాలు జారి పడ్డాడు. నడుము కింద చలనం పోయింది. చూడటానికొచ్చిన వాళ్ళంతా, ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారు. ఆ పదివేలూ ఎలా మొయ్యాలో మాత్రం ఎవరూ చెప్పకుండా వెళ్ళిపోయారు. పిల్లలు లేరు. ఆమె పనికి వెళ్ళినప్పుడు కింది వాటాలో ఉండే పిన్నిగారు మధ్యలో ఒకసారి వచ్చి అతన్ని పక్కకి తిప్పి, మంచినీళ్ళు అందించి వెళ్ళేది. మిగతా చాకిరీ అంతా నవలమ్మదే. ఒళ్ళు తుడవడం, వీపున పుళ్ళు పడకుండా పౌడరు అద్దడం, మూత్రం సంచి మార్చడం, అన్నం తినిపించబోతే "నా చేతులు బాగానే ఉన్నాయి" అని విసిరే మాట పడటం.

ఇవన్నీ అయ్యాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచేది. ఆ కాసేపే ఆమెది. ఆ కాసేపట్లో ఆమెకు మందుల వాసన తెలిసేది కాదు.

"ఆ పుస్తకాల్లో మొగుళ్ళు మంచాన పడరా?" అన్నాడొక రోజు మంచం మీద నుంచి.

"పడరు. మహా అయితే జ్వరం వస్తుంది. రెండు పేజీల్లో తగ్గిపోతుంది."

"అదృష్టవంతులు."

ఆమె పేజీ తిప్పింది.

ఒక సెలవు రోజున, పొద్దున్నే ఇంటి పనంతా ముగించుకుని, వారం నుంచి ఊరించుకుంటూ దాచుకున్న చివరి అధ్యాయం కోసం కుర్చీలో కూర్చుంది. నాయిక పెట్టె సర్దుకుని స్టేషన్లో రైలుకోసం చూస్తోంది. హీరో ఇంకా రాలేదు. పేజీ తిప్పితే అట్ట వచ్చింది. పేజీలు చింపిన ఆనవాళ్ళు కుట్టు దగ్గర పీలికలుగా నిలబడి ఉన్నాయి.

ఆమె మంచం వైపు చూసింది. అతను పైకప్పు వైపు చూస్తున్నాడు.

"మీరే కదూ?"

"నేనే. నిన్న స్టూలు మీద పెట్టి పోయావుగా. చేతికందింది."

"ఎందుకు?"

"చివరికేమవుతుందో నీకు తెలియదా? పెళ్ళవుతుంది. అన్నిట్లోనూ అదేగా."

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి ఎంత చిరాకొచ్చినా, మంచాన పడ్డ మనిషి కదా అని మింగుకుంటూ వచ్చిందంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"పెళ్ళవుతుందో లేదో చూడ్డానికి చదువుతానా నేను? చదివినంతసేపు ఎవరూ నన్ను పిలవరు. అందుకు చదువుతాను. నాకున్నది అదొక్కటే. అదీ మీకు కంటగింపయిందా?"

"అయింది," అన్నాడతను. "నువ్వు ఎక్కడికో పోతావు. మంచిదే, పో. కానీ తిరిగొచ్చి నన్ను చూస్తావే, అప్పుడు నీ మొహం నేను చూస్తాను. దిగాల్సిన ఊరు కానిచోట బస్సు దించేసినట్టుంటుంది. రోజూ అది చూడాలి నేను. నాకు పోవడానికి ఊరేదీ లేదు."

ఆమెకు కాదనడానికి లేదు. నిజమేనని ఒప్పుకోవడానికీ మనసు రాలేదు. మొహం కూడా దాచుకోవాలా, అదొక చాకిరీనా అనిపించింది. వంటగదిలోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

వీధి చివర నవలలు అద్దెకిచ్చే పుస్తకాలాయన, తిరిగిచ్చిన పుస్తకానికి ముందుగా వెనక అట్ట తెరిచి చూసే రకం. చూసి నిట్టూర్చాడు.

"నవలకి చివరే కదమ్మా ప్రాణం. ఇక మీకు కొత్తవి ఇవ్వలేను. ఆ గంపలో పాతవి తీసుకోండి."

"పోనీ, దీని చివర్లో ఏమవుతుందో చెప్పండి."

"నేను చదవనమ్మా. అద్దెకిస్తానంతే."

ఆ వారమంతా ఇంట్లో ముక్తసరి మాటలే. తిప్పనా, తిప్పు. పెట్టనా, పెట్టు. గంపలోంచి తెచ్చిన అట్టలేని నవల స్టూలు మీద ముట్టకుండా పడి ఉంది. చివరికి అతనే నోరు విప్పాడు.

"పైకి చదువు. నువ్వెక్కడికి పోతున్నావో నేనూ చూస్తాను."

ఆమెకిష్టం లేకపోయినా చదివింది. హీరో కారులో నాయికను కొండ మీదికి తీసుకెళుతున్నాడు.

"ఆగాగు. ఘాట్ రోడ్డులో ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి ఆ పిల్ల భుజం మీదానా? రెండో మలుపులోనే ఇద్దరూ లోయలో ఉంటారు."

నవలమ్మకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ తర్వాత ప్రతి పేజీకీ అదే తంతు. వీడు పనికెప్పుడు పోతాడు? ఈ పిల్ల అన్నం తినదా? ముద్దు పెట్టుకునే చోట ఆమె సిగ్గేసి రెండు పంక్తులు దాటేస్తే, అది కూడా కనిపెట్టి, "ఏదో మింగేశావు," అనేవాడు. అతనికి కాలక్షేపం కుదిరింది. ఆమెకున్న ఒక్క చాటూ పోయింది. ఇప్పుడు చదవడం కూడా ఒళ్ళు తుడవడం, సంచి మార్చడంలాంటి పనే అయి కూర్చుంది.

"మరి నీ సంగతేమిటే?" అంది పెద్దక్క, అంతా విని.

ఏం చెయ్యాలో పెద్దక్కే చూపించింది. తన పేరు మీద పుస్తకాలాయన దగ్గర కొత్త నవల అద్దెకు తెచ్చి, మడతపెట్టిన దుప్పట్ల దొంతర వెనక పెట్టింది. మధ్యాహ్నం అన్నం గబగబా తినేసి, మిషన్ల హోరులో బట్టల బండికి వీపు ఆనించి నవలమ్మ అది చదువుకునేది. బెల్లు మోగగానే లేచేది. ఎప్పుడూ సగం వాక్యంలోనే మోగేది.

కొన్నాళ్ళకు అతను అడిగాడు. "ఇంటికి తెచ్చేవన్నీ చచ్చు కథలే. నీకు వీటితో సరిపోదని తెలుసు. మంచివి ఎక్కడ చదువుతున్నావు?"

"ఎక్కడో ఒకచోట."

"నాకు చెప్పకూడదా?"

"చెప్పను. అవి నావి."

దెప్పుతాడని ఆమె కాచుకుని కూర్చుంది. దెప్పలేదు.

"సరే," అన్నాడు. "వీపు మంటగా ఉంది. కాస్త తిప్పు."

తిప్పింది. దిండు సర్ది, చేతిలోని గంప నవలలో ఎక్కడ ఆపిందో వెతుక్కుంటుంటే, "డాక్టరు తలుపు తట్టాడు. అక్కడ ఆపావు," అన్నాడు గోడవైపు తిరిగే. ఆమెకు చదవాలని లేదు. నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ పేజీ తీసి, డాక్టరును ఇంట్లోకి పిలిచింది.