జలీల్ సార్ మూడు రౌండ్లు

జలీల్ విజిల్ ఊదితే జనగామ స్టేషన్‌లో ఆగిన రైలు కూడా కదిలేదని నేను మా మనవళ్లకు చెప్తుంటాను. రైలు సంగతి నా కల్పన. ఆ విజిల్‌కు పరుగెత్తని విద్యార్థి ఆ ఊరి డీఎడ్ కాలేజీలో లేడన్నది మాత్రం నిజం. రేగొండ నుంచి వచ్చి మా పక్కింట్లో అద్దెకు దిగిన జలీల్, కాబోయే ప్రాథమిక పాఠశాల టీచర్లకు పదకొండేళ్లు వ్యాయామ విద్య నేర్పాడు.

ఆయన నేర్చుకున్నది హైస్కూల్ కుర్రాళ్లను పోటీలకు తయారుచేసే పద్ధతి. దాన్నే వీళ్లకూ నేర్పాడు. ముందు మైదానం చుట్టూ మూడు రౌండ్లు, ఆ తర్వాతే ఆట. విద్యార్థులు సీనియర్ల పాఠ్య ప్రణాళిక రికార్డులు చూసి అదే రాసుకొచ్చేవారు. ఆయన సంతకం పెట్టేవాడు. ఒకసారి కల్యాణి అనే అమ్మాయి లేచి అడిగింది.

"సార్, ఒకటో తరగతోళ్లు గదా. మూడు రౌండ్లు ఎక్కువ గాదా?"

"ఏందమ్మా, వాళ్లేమన్న మైనం బొమ్మలా, కరిగిపోనీకి?"

తరగతంతా నవ్వింది. కల్యాణి కూర్చుంది.

ఆగస్టులో ఆమెకు గూడూరు దగ్గరి తండా బడిలో టీచింగ్ ప్రాక్టీస్ పడింది. మార్కులు వేయడానికి జలీలే వెళ్లాడు. ఆ పాఠం తప్పితే ఆమెకు ఏడాది పోతుంది. పదకొండున్నర, ఎండకు తోడు ఉక్క. రికార్డులో ఉన్నట్టే పిల్లలను పరుగెత్తించింది. రెండో రౌండ్‌లో సక్రు అనే ఆరేళ్ల పిల్లాడు వెనకబడ్డాడు. కల్యాణి జలీల్ వైపు చూసింది. కానివ్వమని ఆయన చెయ్యూపాడు. మూడో రౌండ్‌లో సక్రు మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగిపోయాడు.

బడిలో వంటచేసే ఈదమ్మ వాడి నానమ్మ. గరిటె పారేసి పరుగెత్తుకొచ్చి మనవణ్ణి ఒళ్లో వేసుకుంది.

"వీనమ్మ తెల్లారకముందే పత్తిల కలుపుకు పోయింది. రాత్రి తిన్నదే వీడు. ఆడిపిస్తమన్నరు. గిదేం ఆట సార్? మేం ఎడ్లను సుత గిట్ల తోలం."

ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి పిల్లాడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

దవాఖాన వరండాలో ఆ తండా బడి హెడ్మాస్టర్ మహిపాల్ గొంతు తగ్గించి అన్నాడు. "పరేషాన్ గాకుండ్రి జలీల్ సార్. ఆ పిల్ల తెలివిలేక ఉరికిచ్చిందని మార్కుల కాగితంల రాయుండ్రి. రేపు ఎవరన్న అడిగితే మన మీదికి రాదు."

మీరు చెప్పిందే చేశానని పక్కనే ఉన్న కల్యాణి అంటుందేమోనని జలీల్ ఎదురుచూశాడు. ఆమె అనలేదు.

"నేను ఆపాల్సింది సార్," అంది.

ఆ మాట తర్వాత ఆయన చేయి మరోలా రాయలేకపోయింది. 'ఈ పాఠం నేను నేర్పినది. అభ్యర్థి ఆపబోతే సాగించమన్నది నేనే. చిన్నపిల్లలకు ఇది తగదు. ఆమెను ఫెయిల్ చేయరాదు.' కింద సంతకం పెట్టాడు. కల్యాణి గట్టెక్కింది. ఒకటో తారీఖు నుంచి రావద్దని కాలేజీవాళ్లు జలీల్‌కు చెప్పారు.

"కైకు లిఖే జీ?" ఎందుకు రాశారని కుబ్రా బీ మొగుణ్ణి నిలదీయడం గోడకు ఇవతల నాకు వినిపించింది.

"ఆ పిల్ల ముందే అడిగింది. నేను నలుగురిని నవ్విపిచ్చిన," అన్నాడాయన.

ఉద్యోగం పోయినందుకు కాదు, ఆయనకు నిద్ర పట్టనిది. పదకొండు బ్యాచ్‌లు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడుల్లో ఎంతమంది ఆ రికార్డు పట్టుకుని పాఠం చెప్తున్నారో. పాత హాజరు పట్టీల్లోంచి నంబర్లు తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. కొన్ని పనిచేయవు. కొందరు, "ఏం గాలే సార్, పిల్లలకు అలవాటైంది," అని నవ్వుతారు.

నిన్న మా అరుగు మీద కూర్చుని భూపాలపల్లి వైపు ఉన్న రుక్మిణికి స్పీకర్ పెట్టి ఫోన్ కలిపాడు. తొలి బ్యాచ్ అమ్మాయి.

"సార్, బాగున్నరా? గ్రౌండ్ల ఉన్న. రెండో రౌండ్ నడుస్తున్నది, మళ్ల చేస్త," అని పెట్టేసింది.

జలీల్ వెంటనే మళ్లీ కలిపాడు. మోగుతూనే ఉంది.