సెంటు పూసుకొని ఊరికి పోతే

"మా సెంటు పూసుకున్నంక మీరు నోరు తెరవాల్సిన పనే లేదు సార్. మీరెవరో మనుషులకు ముందే తెలిసిపోతది."

కరీంనగర్‌లో ఒక ఏసీ సెంట్ల దుకాణంలో నాకు ఇచ్చిన హామీ ఇది. ఎన్నికల హామీలు ఎట్లా ఉంటాయో తెలిసినవాణ్ణి, అయినా నమ్మాను! ఫలితం ఏమిటో చూడండి. మంథని అవతల ఒక ఊళ్ళో మొన్నటి నుంచి నన్ను గల్ఫ్ ఏజెంటు అంటున్నారు. నన్ను! గల్ఫ్ ఏజెంట్ల మీద కరపత్రాలు రాసేవాణ్ణి!

నవ్వకండి. మొదటి నుంచి చెప్తాను.

దొంగ వీసాలతో మోసపోయి తిరిగొచ్చిన వాళ్ళ కోసం పనిచేసే చిన్న సంఘం మాది. దానికి పెద్ద మల్లేశన్న. పోయిన నెల ఒక మీటింగ్ అయిపోగానే నన్ను పక్కకు పిలిచాడు. నా ఉపన్యాసాన్ని మెచ్చుకుంటాడనుకున్నాను.

"తమ్మీ, మంచిగ మాట్లాడినవ్. గని నాలుగు బస్సులు మారి సక్కగ మైకు కాడికే వస్తవేందిరా? ముందు వరసల కూసున్నోళ్ళు ఎనుకకు జరుగుతున్నరు."

"అన్నా, అది శ్రామికుడి చెమట!"

"శ్రామికులే జరుగుతున్నరు రా."

ఆ మాట గుచ్చుకుంది. అందుకే ఆ దుకాణానికి వెళ్ళాను. ప్రతి మనిషికీ తనదైన ఒక సువాసన ఉండాలని, దాన్ని సిగ్నేచర్ సెంట్ అంటారని గోడ మీద రాసి ఉంది. ఉండాలని ఎవరు నిర్ణయించారు? ఎవరి లాభం కోసం? పుట్టుకతో వచ్చిన వాసన మీద మనకే అసహ్యం పుట్టించి, మళ్ళీ మనకే వాసన అమ్మడం మార్కెట్ కుట్ర కాదా? ఇదే మాట కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని అడిగాను. ఆమె నా వైపు జాలిగా చూసి ట్యాబ్ తీసింది.

"కొన్ని ప్రశ్నలు అడుగుత సార్. మీ పర్సనాలిటీని బట్టి సెంటు వస్తది."

"ఈ వివరాలన్నీ ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవు సార్. ఈ సీసా దాకనే పోతయి."

"మీ యజమాని ఎవరు? ఎక్కడుంటాడు?"

"సార్, మీకు కోపం ఎప్పుడొస్తది? ఇది మొదటి ప్రశ్న."

"ఎప్పుడూ ఉంటుంది."

"మీ గురించి ఒక్క మాటల చెప్పుండ్రి."

"ధిక్కారం!"

ఆమె ట్యాబ్ తెరను వేలితో కిందికీ పైకీ జరిపి చూసింది. "అది లేదు సార్. రొమాంటిక్, స్పోర్టీ, ఫ్రెష్, లీడర్. గివే ఉన్నయి."

మనిషిని నాలుగు డబ్బాల్లో పెట్టే ఈ వ్యవస్థను అక్కడే ఎండగట్టాల్సింది. కానీ ఆమె 'లీడర్' మీద వేలు పెట్టింది. నేను, సిగ్గు లేకుండా, అడ్డు చెప్పలేదు. ఊద్ అనే సెంటు వచ్చింది. కాగితం ముక్క మీద కొట్టి ఇస్తే వాసన చూశాను. గంభీరంగా ఉంది, కొంచెం పొగలాగా, కొంచెం కోటలాగా. నా రాజకీయాలకు సరిపోయిందనిపించింది. ఆ నెల పుస్తకాలు కొనలేదు, అంతే చెప్తాను.

మొన్న పొద్దున మల్లేశన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, మంథని అవతలి ఊళ్ళె లచ్చవ్వ అని ఒకామె ఉంటది. ఒక్కడే కొడుకు, రాజు. గా పిలగాని పాస్‌పోర్టు ఇయ్యాల ఏజెంటుకు ఇస్తదట. విజిట్ వీసా మీద పంపుతుండట దొంగ. పని దొరకది, దొరికినా పట్టుకొని జైల్లె ఏస్తరు. వాడు సాయంత్రం వస్తుండు. నువ్వు ముందుగాల పోయి ఆమెకు నచ్చజెప్పు. నాకు పెద్దపల్లిల పనుంది, అయినంక వస్త."

ఒక కుటుంబం బతుకు నా మాట మీద ఆధారపడి ఉంది! స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఊద్ కొట్టుకున్నాను. ఎంత కొట్టుకోవాలో ఆ అమ్మాయి చెప్పలేదు. బాధ్యత పెద్దది కదా అని బాగానే కొట్టుకున్నాను. పెద్దపల్లిలో బస్సు మారాను. మంథని చేరేసరికి ఎండకు ఆ సెంటు ఇంకా విజృంభించింది. పక్కన కూర్చున్న పెద్దాయన నా బ్యాగు వైపు చూసి, "ఎప్పుడు దిగినవ్ కొడుకా? ఎన్నొద్దులు సెలవు?" అన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. ప్రపంచంలో ప్రతిదాన్నీ అనుమానించే నాకు, నా మీదికి వచ్చేసరికి రాలేదు.

ఊళ్ళో అడిగితే లచ్చవ్వ మహిళా సంఘం గదిలో ఉందన్నారు. అందులోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఒకామె లేచి కుర్చీ తుడిచింది. ఇంకొకామె కూల్‌డ్రింక్ తెచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యమ జీవితంలో నాకు ఎవరూ కూల్‌డ్రింక్ ఇవ్వలేదు. ప్రజలు చైతన్యవంతులవుతున్నారని పొంగిపోయి, లేచి గొంతెత్తాను.

"అమ్మలారా! ఏజెంట్లను నమ్మకండి!"

అందరూ తలలూపారు. ఒక ముసలమ్మ పక్కామె చెవిలో, నాకు వినపడేటట్టే అంది: "గీయన గూడ గట్లనే షురూ చేసిండు."

"గట్లనే అంటే?"

"ఏజెంట్లందరు అంటరు గద బిడ్డా, వేరే ఏజెంట్లను నమ్మకుర్రి అని."

"నేను ఏజెంటును కానమ్మా!"

"పోయినేడు వచ్చినాయన గూడ గదే అన్నడు. ఏజెంటును కాను, మీ ఇంటి బిడ్డను అన్నడు."

"ఆయనకు గూడ గిదే సెంటు," అంది కూల్‌డ్రింక్ ఇచ్చినామె.

అప్పుడు వెలిగింది. ఊద్! దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన ప్రతివాడి చొక్కా నుంచి, వాడు తెచ్చిన దుప్పటి నుంచి, వాణ్ణి పంపిన ఏజెంటు నుంచి వచ్చే వాసన! ఇక్కడి జనానికి పుట్టినప్పటి నుంచి తెలిసిన వాసన. నేను దాన్ని లీడర్ అనుకొని ఒళ్ళంతా పూసుకొని వచ్చాను.

ఇంతలో వెనక నుంచి ఒకామె వచ్చి, ప్లాస్టిక్ కవర్ విప్పి, పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. లచ్చవ్వ!

"మా పిలగాన్ని మంచి కంపినీల పెట్టు బిడ్డా. ఎండల నిలబెట్టకు."

నేను నిప్పు తగిలినట్టు తిరిగి ఇచ్చేశాను. ఆమె ముఖం మాడిపోయింది.

"ఎందుకు వద్దంటున్నవ్? ఏం తక్కువున్నది మా పిలగానికి?"

"తక్కువేం లేదవ్వా. నేను పంపేవాణ్ణి కాదు. విజిట్ వీసా మోసం..."

"సరే తియ్. నువ్వు కాకుంటే ఇంకొకాయన పొద్దుమీకి వస్తుండు. గాయనకే ఇస్త."

ఆలోచించండి, నా పరిస్థితి. నేను ఏజెంటును కాకపోతే ఆ పాస్‌పోర్టు దొంగ చేతికి పోతుంది. నిజం చెప్తే రాజు జైలుకు పోతాడు.

"ఇటియ్యి అవ్వా," అన్నాను.

ఇచ్చింది. గదిలో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఒకామె ఇంకో కూల్‌డ్రింక్ తెచ్చింది. తాగాను కూడా.

పొద్దుమీకి అసలువాడు వచ్చాడు. తెల్లచొక్కా, నల్లద్దాలు, అదే ఊద్. లచ్చవ్వ ముఖం తిప్పుకొని, "నువ్వు ఆలిశమైనవ్, కరీంనగర్ సార్‌కు ఇచ్చిన," అంది. వాడు నా దగ్గరికి వచ్చాడు. నేను పిడికిళ్ళు బిగించి, దోపిడీ గురించి ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. వాడు గాలి పీల్చి, నవ్వి, చెయ్యి కలిపాడు.

"మీ ఏరియా అని తెల్వదన్నా. ఏమనుకోకు."

బండి తిప్పుకొని వెళ్ళిపోయాడు. నా జీవితంలో ఏజెంటు మీద నాకు దక్కిన మొదటి విజయం అది. తోటి ఏజెంటుగా గెలిచాను!

కాసేపటికి మల్లేశన్న దిగి, గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు. సంగతంతా విని తల పట్టుకొని, లచ్చవ్వను కూర్చోబెట్టి నిజం చెప్పాడు. ఆమె ఓపికగా విన్నది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"సంఘపోనికి గంత సెంటెందుకు మల్లేశా?"

మల్లేశన్న నా వైపు చూశాడు. నేను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాను కాలితో కుర్చీ కిందికి తోశాను.

చివరికి ఒప్పందం కుదిరింది. పాస్‌పోర్టు మహిళా సంఘం బీరువాలో ఉంటుంది, తాళంచెవి లచ్చవ్వ కొంగున ఉంటుంది. ఈ నెల ముప్పయ్యో తారీఖు దాకా ఆమె ఆగుతుంది. "దుబాయ్ గాకున్నా మంచిదే, కరీంనగర్లనైనా సరే, నీడపట్టున పని చూపియ్యి. లేకుంటే గా నల్లద్దాలాయనను నేనే పిలిపిస్త," అంది. ఉత్తి మాట కాదని కళ్ళే చెప్తున్నాయి.

అందుకే నిన్న ఆ సెంట్ల దుకాణానికి పోయి, యజమానికి ఇమ్మని కౌంటర్ అమ్మాయికి వినతిపత్రం ఇచ్చి వచ్చాను. మీ హామీ వల్ల ఒక తల్లి నన్ను నమ్మింది కాబట్టి, ఆ నమ్మకానికి మీరే పూచీ అని రాశాను. మిగతాది ఇట్లా ఉంది: రాజు పది పాసయ్యాడు. నాలాగా కోపిష్టి కాదు, యజమాని ఎవరని అడగడు. ఏసీలో నిలబడే పని అతనికి ఇస్తారా, ఇవ్వరా? ఉద్యోగాలు ఇప్పించే పనిలోకి దిగాను కాబట్టి ఇక ఏజెంటును కానని నేను కూడా అనలేను. కమిషన్ మాత్రం అడగను. జవాబు ఈ నెల ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం అయిదు లోపు రావాలి.