చెప్పులు చేతపట్టిన దొర

మా మనవరాలు హాస్టల్ నుంచి సెలవులకు వస్తూ ఒక ఆట తెచ్చింది. ఒకరు కథ నడపాలి, మిగతావాళ్లు ఆ కథలో మనుషులైపోవాలి, గెలుపోటములు పాచిక తేల్చాలి. కథ నడిపే పని నాకు అంటగట్టింది. "తాతా, అబద్ధాలు నీ అంత మంచిగ ఎవ్వరు చెప్పరు" అంది. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాడికి ఇంతకన్నా బిరుదేముంది!

చిట్యాల నుంచి వచ్చిన మా బావ, అంటే నా భార్యకు అన్న, తానూ ఆడతానన్నాడు. మనవరాలు మంత్రగత్తె అయింది. బావ మాత్రం "నేను దొరను" అన్నాడు. తెల్ల గుర్రం, తుపాకి, బుగ్గమీసాలు, ఏడూళ్లు. అన్నీ ఇచ్చేశాను. చిన్నప్పటి నుంచి ఒకరి పశువుల దగ్గర జీతమున్న మనిషి, ఒక్కపూట దొరైతే నా సొమ్మేం పోయింది?

ఆ దొరతనం ఏం చెప్పమంటారు! గుర్రానికి గడ్డి తానే కోశాడు. దొంగలు ఎదురైతే "జర తొవ్వియ్యుండ్రన్నా" అని దారి అడిగాడు. దొంగలే సిగ్గుపడి పోయారని చెప్పి కథ ముందుకు నెట్టాను.

"ఎదురుంగ కోట లెక్క పెద్ద గడి, దొరుండే ఇల్లు. ఏం జేస్తవ్ బావా?"

"గుర్రం దిగుత. చెప్పులు చేతుల వట్టుకొని, తలకాయ వంచుకొని దాటుత."

"చెప్పులెందుకు ఇడుస్తవ్?" అని మనవరాలు ఆయన్ను అడిగింది.

"గడి ముందట చెప్పులేసుకొని నడిశిండని మా నాయినను కట్టేసి కొట్టిన్రు బిడ్డా."

"ఓ బావా, అది నీ గడే! దొరవు నువ్వే!" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. "అయితె తొడుక్కోవచ్చా?" అని నన్ను అడిగాడు, నేనేదో హుకుం ఇచ్చేవాణ్ణయినట్టు.

"పాచికెయ్యి. నాలుగు దాటితె తొడుక్కో."

రెండు పడింది. అరచేత్తో మూసేశాను. "ఆరు."

"చూపియ్యి తాతా!" అంది మనవరాలు.

"అక్షరాలు ఆలస్యంగ వచ్చినయి గని, చుక్కలు లెక్కవెట్టరాదా నాకు?"

బావ లేచి, గడప బయట విడిచిన తన చెప్పులు నిజంగానే తొడుక్కుని వచ్చాడు. లోపల్నుంచి నా భార్య చీపురుతో వచ్చింది.

"ఏందన్నా, చెప్పులతోటి ఇంట్లకొస్తవ్?"

"నేను దొరను."

"దొరవైతె నాకేంది, ఇప్పుడే ఊడ్సిన. బయట ఇడువు!"

విడవలేదు. అలాగే చాప మీద కాళ్లు బారజాపి కూర్చుని, నా వైపు తిరిగాడు.

"ఇగ చెప్పు బావా. గడి తలుపు నువ్వు తీపిస్తవా, నన్నే తన్ని తెరువమంటవా?"