కుడి ఇండికేటరూ, గుర్వయ్యన్న కళ్లూ

కొత్తకోటలో కార్లకు కరెంటు పని చేసే గుర్వయ్యన్న తన కళ్లతో చూడనిదే దేన్నీ నమ్మడు. ఇది గుణమో జబ్బో ఊళ్లో ఇంకా తేలలేదు. ఎవరైనా బండి తెచ్చి "లైట్లు వస్తలేవన్నా" అంటే, అవి రాకపోవడం తాను చూసేదాకా స్క్రూడ్రైవర్ ముట్టడు. పెళ్లిలో కూర అయిపోయిందంటే వంటల దగ్గరికి పోయి గంజులో తొంగి చూసి వస్తాడు.

ఒక ఎండాకాలం ఆయన భార్య పుష్పమ్మ వంటింటి రేకు కారుతోందని చెప్పింది.

"ఏదీ, కారుతలేదు గద?"

"వాన వడితె గద కారేది!"

"అయితే వడనియ్."

రెండు నెలలు ఆ రేకు కిందే పీట వేసుకుని అన్నం తిన్నాడు. చివరికి తొలకరి చినుకు సరిగ్గా ఆయన పప్పులో పడింది. "నిజమే" అని సంతోషంగా లేచి నిచ్చెన తెచ్చుకున్నాడు.

ఎవరైనా వెక్కిరిస్తే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "లింగయ్య పోయిండని ఊరంత జెప్పింది. ఎందుకైన మంచిదని దండ వట్కొని పోయిన. తలుపెవలు దీసిన్రు? లింగయ్యనే! కూసుండవెట్టి చాయ్ వోసిండు."

"మరి దండ ఏం జేసినవన్నా?" అని అడిగాను.

"వాపస్ తెస్తె బాగుంటదా? ఆయన మెడలనే ఏసిన. మస్తు ఖుష్ అయిండు."

నేను టీచర్ని. పేరు ఉమారాణి. తెలంగాణ వచ్చిన మూడో ఏడు నాకు హైవే అవతల, పది కిలోమీటర్ల దూరంలోని చిన్న బడికి బదిలీ అయింది. ఇరవై ముగ్గురు పిల్లలు, నేనొక్కదాన్నే టీచర్ని. వేళకు బస్సు లేదు. గొర్లు సాకే మా బాపు తన పాత కారు నాకిచ్చాడు. మందకు ఉప్పు మూటలు మోసీ మోసీ వయసైపోయిన కారు అది. డిక్కీ తెరిస్తే ఇప్పటికీ ఉప్పు రాలుతుంది. ముప్పై ఎనిమిదో ఏట, కొత్త లైసెన్సుతో, దాన్ని నేను నడపాలి. దారిలో ఒకటే గండం. హైవే మీద డివైడరు సందులోంచి కుడికి తిరగాలి.

సరిగ్గా ఆ కుడివైపు వెనక ఇండికేటరే ఒకరోజు వెలుగుతుంది, ఒకరోజు వెలగదు. వెలిగిన రోజు లోపల టిక్కు... టిక్కు అని నిమ్మళంగా కొట్టుకుంటుంది. వెలగని రోజు టిక్‌టిక్‌టిక్ అని కంగారు పడుతుంది. దానితో పాటు నేనూ కంగారు పడతాను. ఒక పొద్దున, నేను తిరుగుతున్నానని తెలియని లారీ ఒకటి నా వెనక కీచుమని ఆగింది. డ్రైవరు దిగి మా వంశంలో మూడు తరాల వాళ్లను తీరికగా పలకరించి వెళ్లాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన గిరి తేల్చేశాడు. "నెలాఖరు దాక జూద్దాం. బాగు గాకుంటె కారు అమ్ముదాం, నువ్వు బదిలీ అడుగు."

నేను బదిలీ అడిగితే ఆ బడికి తాళమే. అందుకని మర్నాడు పొద్దున్నే గుర్వయ్యన్న షెడ్డుకు పోయాను. కుడి ఇండికేటరు వేశాను. ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లల్లా బుద్ధిగా, చక్కగా వెలిగింది.

"మంచిగనే కొడుతుంది గద టీచరమ్మా?"

"నిన్న కొట్టలేదన్నా!"

"నిన్న నేను జూడలే."

"మరేం జేద్దాం?"

"నేను బండ్ల కూసుంట. రోగం ఎప్పుడు బయటవడితె అప్పుడు వట్టుకుంట" అని పక్క సీట్లో కూర్చున్నాడు. ఒళ్లో టిఫిన్ డబ్బా, కాళ్ల దగ్గర సామాన్ల సంచీ, మెడలో రెండు తీగల చిన్న టెస్ట్ బల్బు. అచ్చం దవాఖాన డాక్టరులా ఉన్నాడు.

ఆ రోజు హైవే దాటాం. బడి దగ్గర నేను పాఠం చెబుతుంటే ఆయన డిక్కీ తెరిచి ఏదో గెలికాడు. పాలబండి వచ్చే వేళకు చేతులు తుడుచుకుని, "ఏం దొరకలే. రేపు మల్ల వస్త" అని అదెక్కి వెళ్లిపోయాడు.

రేపు వచ్చాడు. ఎల్లుండి వచ్చాడు. ఇండికేటరు మాత్రం ఒక్కసారీ ఆగలేదు. "నన్ను జూసి దాక్కుంటాంది" అనేవాడు. దాన్ని బయటికి రప్పించడానికి ఆయన వేసిన ఎత్తులు అన్నీ ఇన్నీ కావు.

"స్టీరింగ్ గంత గట్టిగ వట్టకు. నీ చెయ్యి వణికితె స్విచ్చు వణుకుతది. స్విచ్చు వణికితె రోగం దొరకదు."

"అద్దంల జూడు. ఎనకోడు తిడుతుండా? తిడితె లైటు వస్తలేనట్టు."

"గా లారీ పోనియ్. దాని గాలికి తీగ కదులుతది. ఇగ తిప్పు. నిమ్మళంగ, నిమ్మళంగ... నిదానంగ తిప్పితెనే రోగం బయటవడ్తది."

ఒకరోజు సరిగ్గా సందు మధ్యలో ఇంజను ఆగిపోయింది. వెనక నాలుగు హారన్లు. నాకు ఏడుపొచ్చింది. గుర్వయ్యన్న డబ్బా తెరిచి, "తొందరేం లేదు, నేను ఇడ్లి తినేలోపల స్టార్ట్ జెయ్" అన్నాడు. ఆయన రెండో ఇడ్లీకి రాకముందే స్టార్ట్ అయింది.

ఇరవై రోజులు గడిచాయి. బడి పిల్లలు ఆయనకు ఇండికేటర్ తాత అని పేరు కూడా పెట్టారు. నెలాఖరు రోజున నేను షెడ్డు ముందు ఆగితే బయటికి రాకుండానే అరిచాడు. "కొల్లాపూర్ల పెండ్లి ఉంది. ఇయ్యాల నువ్వే పో. రోగం కనవడితె ఫోన్ జెయ్!"

ఒక్కదాన్నే పోయాను. అద్దం చూశాను. లారీని పోనిచ్చాను. నిమ్మళంగా తిప్పాను. బడి గేటు దగ్గర దిగాక గానీ హైవే దాటానని గుర్తు రాలేదు.

సాయంత్రం ఆ మాట చెబుదామని షెడ్డుకు పోతే పుష్పమ్మ వదినె ఒక్కతే ఉంది. నా మాట వినీ వినగానే నవ్వి, అలమారులోంచి ఆకుపచ్చగా చిలుమెక్కిన బల్బు హోల్డరు తీసి చూపించింది.

"గిది నీ కారుదే. ఉప్పు తిన్నది. డిక్కీ మూత నాలుగుసార్లు కొడితె లైటు ఆరిపోయిందంట. కండ్లార జూసి, మొదటి దినమే కొత్తది ఏసిండు."

"మరి ఇన్ని రోజులు ఎందుకొచ్చిండు?"

"రోడ్డు దాటేటప్పుడు టీచరమ్మ కండ్లు మూస్కుంటాందే, నేను నా కండ్లతోని జూసిన అన్నడు."

సిగ్గుతో తల దించుకున్నాను. నిజమే. ఆ మొదటి రోజు నుంచి ఇండికేటరు నిమ్మళంగానే కొట్టుకుంటోంది. అది బాగైపోయి ఉంటుందని నాకే తట్టలేదు. ఆ పెద్దమనిషి ఇరవై పొద్దులు పని వదిలేసుకుని, నా పరువు పోకుండా, రోగం వెతుకుతున్నట్టు నటిస్తూ నాకు డ్రైవింగ్ నేర్పాడు. ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

ఇంటికి వెళ్లి గిరితో, "కారు అమ్మం. నమ్మకుంటె కూసో, చూపిస్త" అన్నాను. డివైడరు సందులోంచి కుడికి తిప్పాను. ఈసారి కళ్లు మూసుకున్నది గిరి.

మర్నాడు పొద్దున షెడ్డు ముందు కారు ఆపి నిలదీశాను.

"మొదటి దినమే బాగు జేసినవంట గదన్నా!"

గుర్వయ్యన్న తల ఎత్తకుండా వైరు తొక్క ఒలుస్తూ అడిగాడు.

"ఎవలు జెప్పిన్రు?"

"పుష్పమ్మ వదినె."

"నేను బాగు జేస్తుంటె నువ్వు నీ కండ్లతోని జూసినవా?"

"చూడలే."

"మరెట్ల నమ్ముతవ్ టీచరమ్మా? పో, పిల్లలు ఎదురుజూస్తుంటరు."