ఏటి మీద పొగమంచు

ముందు రైలు వినిపించింది. ఉస్లాపూర్‌లో రైలు వినిపించడం వింత కాదు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు పోయే బళ్లు ఆ ఇళ్ల గోడల్లోంచే పోతున్నట్టుంటాయి. కాని ఇది రైలు కాదు. ఎవరో గరుకు కాగితాన్ని గరుకు కాగితంతో రుద్దుతున్నారు. ఆగి, దగ్గి, మళ్లీ రుద్దుతున్నారు. ఇంతలో నిజం గూడ్సుబండి పొడుగ్గా కూత వేసింది. కిటికీ అద్దంలో మధ్యాహ్నపు ఎండ వణికింది. లోపల్నుంచి తిట్టు వినిపించింది.

"దీనెమ్మ, ఇప్పుడే రావాలేటి! రికార్డింగంతా ఖరాబు సేసీసింది!"

దొంగ రైలు కోసం అసలు రైలును తిట్టే ఆ మనిషి పేరు చిన్నారావు.

లోకో షెడ్డులో స్టోరు ఖలాసీగా చేరి, స్టోరు ఖలాసీగానే రిటైరయ్యాడు. మధ్యలో చెప్పుకోడానికేమీ జరగలేదు. తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వేయడానికి వచ్చాడట. తండ్రి ఆ పట్టాల మీద నడిచే ఇంజన్లకు నూనె పోశాడట. ఇతను వంటింటి బల్ల మీద చీపురుపుల్లలతో పట్టాలు వేసుకుంటున్నాడు. పుల్లల కింద స్లీపర్లుగా ఐస్‌క్రీం చెంచాలు.

మా తెలుగు సమాజం ఉగాది నాటకాల్లో ఏళ్ల తరబడి తెర లాగింది ఇతనే. సరిగ్గా లాగిన జ్ఞాపకం నాకు లేదు. రాణిగారు ఏడుస్తుంటే తెర సగంలో చిక్కుకుంది ఒకసారి. ఇంకోసారి చనిపోయిన రాజు లేచి పంచె సర్దుకునేదాకా తెర పడనే లేదు. అయినా వందన సమర్పణ మొదలైతే చాలు, ముందు వరసకు దగ్గరగా వచ్చి నిలబడేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని. కుర్చీలు సరఫరా చేసినాయన పేరు వచ్చేది, టీ కాచినాయన పేరు వచ్చేది. చిన్నారావు పేరు వచ్చేది కాదు. మరుసటి ఉగాదికి మళ్లీ అక్కడే నిలబడేవాడు. పిలవని పేరు కోసం అంత ఓపిగ్గా నిలబడే మనిషిని చూస్తే నాకు జాలి కలిగేది కాదు, ఒళ్లు మండేది.

ఈ ఏడు నాటకం లేదు. కుర్రకారుకి తెలుగు చదవడం రాదు, పెద్దలకి మోకాళ్లు వంగవు. సమాజం అధ్యక్షుడు సీతారామయ్య గారు బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, గుంటూరు వైపు వారు. పిల్లల కోసం తానే ఒక పేజీ కథ రాసి, దాన్ని తోలుబొమ్మలాటలా వీడియో తీయించి గోడ మీద వేద్దామన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. వెనక నుంచి చిన్నారావు చెయ్యెత్తాడు.

"నాను తీస్తాను సార్. మరైతే, ఆఖర్న మైకులో నా పేరు సెప్పాల."

"చెబుతానయ్యా. కాని సమాజం పరువు పోయేలా ఉంటే మాత్రం వేసేది లేదు."

ఆ పరువు ఎంతవరకు ఉందో చూసి రమ్మని నన్ను పంపారు. సమాజం సంచికలో ఇతని గురించి నాలుగు ముక్కలు రాసేది కూడా నేనేనట.

లోపలికి వెళ్లేసరికి ఇల్లంతా సాంబ్రాణి వాసన. ప్రెషర్ కుక్కరుకీ ఆవకాయ జాడీకీ మధ్య ఫోను నిలబెట్టి ఉంది. మేక అంటే తెల్ల మేజోడు, గుండీ కళ్లు. తోడేలు అంటే పాత నీలం యూనిఫాం ముక్క, దువ్వెన పళ్లు. ఆ రెండింటికీ మొహమంటూ లేదు. చిన్నారావు మొహంలో కూడా అంతకంటే ఎక్కువ ఏమీ కనిపించలేదు నాకు.

"రండి మాస్టారూ! టైముకొచ్చీసేరు. ఇప్పుడే పొగ తీస్తన్నాం. దీన్ని ఎఫెక్టంటారు."

ఎఫెక్టు అంటే ఇది: పాత పెయింటు డబ్బాలో ఐసుముక్కలు, వాటి మీద చిల్లుల గిన్నెలో సాంబ్రాణి నిప్పు. డబ్బా అడుగున ఒక చిల్లు. డబ్బాను అటక కొక్కేనికి వేలాడదీశాడు. చల్లబడ్డ పొగ చిల్లులోంచి కిందికి జారి మేక నెత్తిన పడుతుంది. పడింది కూడా. దాంతోపాటు ఒక నిప్పురవ్వ పడింది.

"గెడ్డం! మేక గెడ్డం కాలిపోతంది!" అంటూ ఇతని భార్య అసిరమ్మ చెంబెడు నీళ్లు కుమ్మరించింది. పట్టాలు కొట్టుకుపోయాయి. "నాను ముందే సెప్పేను, నిప్పుతో ఆటలొద్దని. షెడ్డులో ఉన్నన్నాళ్లూ బోల్టు బిగించమంటే నట్టు ఊడదీసేవోడు, మాస్టారూ. మేనేజరు గారికి మరెవులూ దొరకనేదేటో!"

"అచ్ఛా, నువ్వు దారం లాగు సాలు."

దారం తోడేలుకు కట్టింది. చివర్లో రైలొచ్చి తోడేలును గుద్దుతుంది, అప్పుడు అసిరమ్మ దారం లాగాలి, తోడేలు ఎగిరి సింకులో పడాలి. రైలంటే ఒక టార్చిలైటు. పొగలోంచి ఫోను వైపు మెల్లగా జరుపుతాడు, వెలుగు పెద్దదవుతుంది. దారం తాడంత లావుగా కనిపిస్తోందని చెప్పాను.

"పొగ కప్పీసుద్ది మాస్టారూ."

తన చేతకానితనాన్ని కూడా పొగే కప్పేస్తుందని ఇతని నమ్మకం.

అప్పుడు అడిగాను. "సీతారామయ్య గారి కథలో రైలెక్కడుంది?"

గోడకి అంటించిన కాగితం చూపించాడు. రైల్వే బడిలో హిందీ మీడియం చదివిన మనిషి. తెలుగు అక్షరాలు సమాజం ఆదివారం క్లాసులో నేర్చుకున్నాడు, పెద్దయ్యాక. వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ బరువు పెట్టెలా మోస్తూ చదివాడు.

"ఏటి. మీద పొగమంచు. మేక అటు దాటాలి. అటువైపు తోడేలు కాచుకుని ఉంది."

చదివి, నా వైపు తిరిగాడు. "మేక పైకి సూసి అడుగుద్ది. 'ఏటి? మీద పొగమంచు!' అని. అందుకే పొగ మీంచొదిలేను. మరి దాటాలంటే ఏటి దాటుద్ది? పట్టాలే గదా!"

అధ్యక్షుల వారి గ్రాంథికపు ఏరు, చుక్క తడి లేకుండా పుట్టిన ఆ కాగితపు ఏరు, ఇతని చేతిలో ప్రశ్నయి కూర్చుంది. బిలాస్‌పూర్‌లో పుట్టినవాడికి నది అంటే అర్పా. ఏటి అంటే ఏమిటి, అంతే.

"ఒకటి సెప్తాను మాస్టారూ," గొంతు తగ్గించాడు. "సమాజంలో మన రైల్వేవోళ్లు 'ఏటి' అంటే ఆ గుంటూరోళ్లు, హైదరాబాదోళ్లు నవ్వుతారు. మీకూ తెలుసు. మొదటిసారి మేనేజరు గారు మన మాట కాయితం మీద పెట్టేరు. అది సూసే ఒప్పుకున్నాను నాను."

చెప్పవచ్చు. అది ఏరు నాయనా అని ఒక్క ముక్క. చెప్పలేదు. ఆ మొహంలో వెలుగు నాకు నచ్చలేదు, అర్హత లేని చోట వెలిగిన బల్బులా ఉంది. ఆ సంగతి హాలే చెబుతుందిలే అనుకున్నాను. సాయంత్రం సీతారామయ్య గారు ఫోను చేశారు.

"పరువు పోదు కదండీ?"

"వేయండి," అన్నాను. ఆ రాతకి ఈ తీత చాలు.

ఉగాదినాడు హాలు నిండింది. బొగ్గు కంపెనీలో పనిచేసే గుంటూరు, హైదరాబాదు కుటుంబాలు ముందు, రైల్వేవాళ్లు వెనక. చిన్నారావు ఎప్పటి చోటే నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. గోడ మీద పొగ కారింది. కాలిన గడ్డంతో మేజోడు మేక పైకి చూసింది. చిన్నారావు గొంతుతో అంది:

"ఏటి? మీద పొగమంచు!"

హాలు పగిలిపోయింది. ముందు వరస పొట్టలు పట్టుకుంది. వెనక వరసల్లో కూడా నవ్వే, కాస్త ఆలస్యంగా మొదలై ఎక్కువసేపు సాగింది. టార్చిలైటు వచ్చింది. తాడంత దారంతో తోడేలు ఎగిరి సింకులో పడింది, సింకు కుళాయి కూడా కనిపించింది. పిల్లలు లేచి "ఏటి! ఏటి!" అని కేకలు. మళ్లీ వెయ్యమని గోల.

సీతారామయ్య గారు మైకు లాక్కున్నారు.

"దయచేసి వినండి! నేను రాసింది ఏరు గురించి! ఏరు! ఈ వీడియో తీసింది చిన్నారావు. కేవలం చిన్నారావు! సమాజానికి ఏ సంబంధమూ లేదు. మళ్లీ చెబుతున్నాను, చిన్నారావు!"

వెనక వరసలు చప్పట్లు కొట్టాయి. అసిరమ్మ ఈల వేసిందంటే నమ్మండి.

ఇతను కదల్లేదు. ఏరు అన్న మాట చెవిన పడిందో లేదో. పడినా అర్థమైందో లేదో. తన పేరు తిట్టులా మైకులోంచి వచ్చి గోడలకు తగిలి తిరిగి వస్తుంటే, ప్రసాదం అందుకుంటున్నవాడిలా తల కొద్దిగా వంచాడు. పరువు పోయిందన్న సంగతి తెలియడానికి కూడా కొంత బుద్ధి కావాలి.

జనం బయటికి కదిలారు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లకి ఇంకా సాంబ్రాణి వాసన. నా మొహంలోకి పరీక్షగా చూశాడు, చిల్లు ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

"అందరినీ సూసేను మాస్టారూ. ఏటి, మీరొక్కరే నవ్వనేదేటి?"