ఎర్ర బకెట్లో నీళ్ళు

హాస్టల్ అనగానే నాకు ముందు ఒక కల గుర్తొస్తుంది. గది, మంచం, మెస్సు సాంబారు అన్నీ దాని తర్వాతే. మొదటి ఏడాది డిసెంబరులో తెల్లవారుజామున వచ్చేది ఆ కల. మా చేనికి మడవ తిప్పి నీళ్ళు వదిలినట్టు, నెర్రెలు బారిన నేలలోకి ఆ నీళ్ళు గళగళా దిగుతున్నట్టు, గట్టు మీద మా నాయన పార పట్టుకుని నిలబడినట్టు. ఏదో అంటూ ఉండేవాడు గానీ మాట వినబడేది కాదు. నీళ్ళ చప్పుడు మాత్రం పక్కనే, నా తలగడ దగ్గరే అయ్యేది. లేచాక కూడా కాసేపు అరికాళ్ళు తడిగా ఉన్నట్టే అనిపించేది. ఆ చప్పుడు ఎక్కడిదో తెలిసే సరికి మూడు వారాలు పట్టింది.

మాది కమలాపురం దగ్గర పల్లె. కాస్త నల్లరేగడి, రెండు బర్రెలు, తాతల నాటి సున్నం కొట్టిన చర్చి. నేను డిగ్రీకి చేరింది కర్నూలు శివార్లలో ఫాదర్లూ సిస్టర్లూ నడిపే ప్రైవేటు యూనివర్సిటీలో. మేమూ ప్రభువును నమ్ముకున్నవాళ్ళమే గానీ మా చర్చిలో బొమ్మలుండవు. గోడకి ఒక సిలువ, మూలన ఒక హార్మోనియం, అంతే. నన్ను పంపేటప్పుడు మా జేజి, నాయన వాళ్ళమ్మ, నా రెండు చెంపలూ పట్టుకుని, "బొమ్మల ముందర తల వంచగాకు మా. వాళ్ళు మంచోళ్ళే. అయినా మన దారి వేరే" అంది. తీరా వచ్చి చూస్తే హాస్టల్ గేటు పక్కనే మరియమ్మ బొమ్మ పెట్టిన గుహ! ఆ దారిన పోయే ప్రతి పిల్లా, హిందువుల పిల్లలతో సహా, ఆగి తల వంచి పోయేది. వంచితే జేజికి కోపం, వంచకపోతే ఇక్కడివాళ్ళు ఏమనుకుంటారో అని నాకు బెరుకు. అందుకని గుహ దగ్గరికి రాగానే వంగి చెప్పు పట్టీ సర్దుకునేదాన్ని. ఆ మొదటి నెలలో నా చెప్పు పట్టీ ఊడినన్నిసార్లు లోకంలో ఎవరిదీ ఊడి ఉండదు.

మా గది రెండో అంతస్తులో చివరిది. నేలంతా మా కడప బండలే. ఒట్టి కాళ్ళతో నడిస్తే మా ఇంటి వసారాలో నడిచినట్టే చల్లగా తగిలేది. కిటికీలోంచి ఎర్రమట్టి, తుమ్మచెట్లు, ఆ వెనక బోడిగుట్టలు కనిపించేవి. మధ్యాహ్నం ఎండలో ఆ గుట్టలు మెల్లగా కదులుతున్నట్టుండేవి. నేను క్లాసు మానేసిన రోజుల్లో వాటినే చూస్తూ పడుకునేదాన్ని.

గదిలో ముగ్గురం. రూము లీడరు డోన్ ఊరి అక్క, ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్ళ నాన్నది రైల్వే ఉద్యోగం. దూరంగా రైలు కూత వినబడితే చాలు, అది ఏ రైలో చెప్పేసేది. పొద్దున పూజలో పాటలు పాడుతుంది కాబట్టి అందరికంటే ముందు లేచి చాపెలుకి వెళ్ళిపోయేది. రెండో ఆమె మంత్రాలయం వైపు పిల్ల, నా క్లాసే. భూములూ ట్రాక్టర్లూ ఉన్న ఇంటి బిడ్డ. మాట మాత్రం కట్టె విరిచినట్టు మాట్లాడుతుంది.

ఆమెతో నాకు మొదటి వారంలోనే చెడింది. కారణం నీళ్ళు. మా హాస్టల్లో పొద్దున ఐదింటికి మోటారు వేస్తే నలభై నిమిషాలు కొళాయిలు వచ్చేవి, అదీ కింద పెరట్లో మాత్రమే. వందమంది పిల్లలు రంగురంగుల బకెట్లు వరసలో పెట్టి, నిద్రకళ్ళతో నిలబడి, నింపుకుని మెట్లెక్కాలి. నాది ఎర్ర బకెట్. దారిలోనే పిడి విరిగితే మా నాయన తీగ చుట్టి ఇచ్చాడు. ఆ తీగ జారి, నిండు బకెట్ మంత్రాలయం పిల్ల కాళ్ళ మీద ఒలికిపోయింది. "మీ ఊర్లో నీళ్ళు ఇట్లనే పారబోసుకుంటారా?" అందామె, అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది. నాకు ముక్కు మీదే కోపం. నీళ్ళ కోసం పుట్టెడు కష్టాలు పడిన ఊరు మాది, నన్నే అంటుందా అని ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను. గదిలో మూడు మంచాలుంటే మధ్య మంచం నాది. ఆమె వైపు వీపు పెట్టి పడుకునేదాన్ని.

పడుకునేదాన్ని అన్నాను గానీ నిద్ర ఎక్కడిది! క్లాసులో ఇంగ్లీషు వానలా కురిసిపోయేది, నా మీద ఒక్క చుక్క పడేది కాదు. మొదటి పరీక్షలో మూడు సబ్జెక్టులు పోయాయి. ఆ సంగతి తలుచుకుని, ఇంటిని తలుచుకుని, చప్పుడు కాకుండా తలగడ కొరుక్కుని ఏడ్చేదాన్ని. ఎవరికీ తెలియదనే అనుకున్నాను. సరిగ్గా నాలుగున్నరకి, మోటారు వేసే ముందు, కళ్ళు మూతపడిపోయేవి. లేచేసరికి కొళాయిలు ఆగిపోయి ఉండేవి. వంటింటి వెనక తొట్టిలో వంటామెను బతిమాలుకుని రెండు చెంబులు తెచ్చుకుని, ముఖం కడుక్కుని, స్నానం లేకుండా క్లాసుకి పోయేదాన్ని. పక్కన ఎవరైనా కూర్చుంటే నేనే జరిగిపోయేదాన్ని. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఒకరోజు ఫోన్లో నాయనకి అంతా చెప్పేశాను. "ఇష్టం లేకుంటే వచ్చేయ్ మా. ఈడ ఇల్లుండాది, మేముండాము" అన్నాడు. అంతే, ప్రాణం లేచొచ్చింది. క్రిస్మస్ సెలవులకి వెళ్ళాక తిరిగి రానని హాస్టల్ సిస్టర్‌కి కాగితం రాసి ఇచ్చాను. సిస్టర్ రెండుసార్లు చదివి, మడిచి సొరుగులో పెట్టింది. "సెలవుల రోజు దాకా నా దగ్గరే ఉంటుంది. ఖాళీ చేసేవాళ్ళు పరుపు, పెట్టె, బకెట్ అన్నీ తీసుకెళ్ళాలి, తెలుసు కదా" అంది. తెలుసన్నాను. ఆ రోజు మెస్సులో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

క్రిస్మస్ నెల మొదలవగానే హాస్టల్లో ఒక ఆట ఉంటుంది. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు. నీకు ఎవరి చీటీ వస్తే నువ్వు ఆమెకి క్రిస్మస్ ఫ్రెండువి. సెలవుల దాకా, నువ్వెవరో తెలియనీకుండా, ఆమెకి చిన్నచిన్న మంచి పనులు చేయాలి. దిండు కింద చాక్లెట్టు పెట్టచ్చు, ఆరేసిన బట్టలు మడత పెట్టచ్చు. చివరి సాయంత్రం ఎవరికెవరో బయటపెట్టుకుంటారు. మా ఊరి చర్చిలో ఇలాంటివి లేవు. ఎట్లాగూ పోయేదాన్ని, నాకెందుకీ ఆటలు అని చీటీల రోజు కిందికి దిగలేదు.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి ఎర్ర బకెట్ నా మంచం తలాపున ఉంది, అంచు దాకా నీళ్ళతో. కిటికీలోంచి పడిన వెలుతురు నీళ్ళ మీద వణుకుతోంది. చాలాసేపు అట్లాగే చూస్తూ ఉండిపోయాను. వేలు ముంచి చూశాను. నిజం నీళ్ళే. ఆ రోజు నిండుగా స్నానం చేసి, తలంటుకుని, తడి జుట్టుతో క్లాసుకి వెళ్ళాను. పాఠం అర్థమైందని కాదు గానీ ముందు బెంచీలో కూర్చున్నాను.

నా చీటీ ఎవరికో వచ్చిందన్నమాట! రెండో రోజూ బకెట్ నిండింది. మూడో రోజూ. చూడాలని ఎంత అనుకున్నా ఆ వేళకి నిద్ర ముంచుకొచ్చేది. నిద్రలో మా చేనూ, మడవా, నాయనా. మెల్లగా ఆ కల కోసమే పడుకోవడం అలవాటైంది. ఏడవడానికి పడుకున్నా మధ్యలో, పొద్దున నీళ్ళొస్తాయి కదా అని గుర్తొచ్చి ఏడుపు ఆగిపోయేది. పగలు కూడా కొంచెం కల్లోనే తిరిగినట్టుండేది. మంచు పట్టి గుట్టలు కనబడని పొద్దుల్లో, చాపెల్ నుంచి పాటలు సన్నగా వినవస్తుంటే, కారిడార్లో ఎదురైన ప్రతి ముఖాన్నీ చూసి నువ్వా, నువ్వా అని మనసులో అడిగేదాన్ని. గుహ దగ్గర చెప్పు పట్టీ సర్దుకోవడం కూడా మర్చిపోయాను.

డోన్ అక్కే అని తేల్చుకున్నాను. ఆ వేళకి లేచేది ఆమే. పైగా నన్ను చూసినప్పుడల్లా నవ్వేది. మా అమ్మ పంపిన నువ్వుల ఉండలు ఆరు దాచి, చేతిరుమాల్లో మూట కట్టి ఉంచాను. పోతూ పోతూ ఆమె చేతిలో పెడదామని.

చివరి సాయంత్రం హాల్లో అందరం కూర్చున్నాం. నక్షత్రాల దీపాలు, కేకు, పాటలు. ఒక్కొక్కరే లేచి, నీ ఫ్రెండుని నేనే అంటూ పోయి వాటేసుకుంటున్నారు. డోన్ అక్క లేచింది. నేను రుమాలు పట్టుకుని సగం లేచాను. ఆమె నన్ను దాటి వెనక వరసలో ఇంకో పిల్ల దగ్గరికి వెళ్ళింది. సగం లేచినదాన్ని చీర సర్దుకుంటున్నట్టు నటించి కూర్చున్నాను. ఆట అయిపోయింది. నా కోసం ఎవరూ లేవలేదు.

పైకొచ్చాక అక్కని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. "నువ్వు చీటీ తీయనే లేదు కదా మే. తీయని వాళ్ళ పేరు డబ్బాలో వేయకూడదు. వేస్తే ఒక చీటీ మిగిలిపోతాది, ఆ పిల్లకు ఎవరూ లేకుండ పోతారు."

"మరి నీళ్ళు?"

"ఏం నీళ్ళు?" అంది అక్క.

నిజంగానే ఆమెకి తెలియదు. నా పేరు ఆ డబ్బాలో లేనే లేదు. మూడు వారాలు నేను ఎవరి పేరు తెలియక అందరికీ మనసులో దండాలు పెట్టానో, వాళ్ళు అసలు ఆ నీళ్ళు ఆట కోసం మోయనే లేదు.

మర్నాడే ప్రయాణం. ఆ పొద్దు నిద్రపోకూడదని గట్టిగా అనుకున్నాను. పోయాను. మళ్ళీ చేను, మళ్ళీ గట్టు, నీళ్ళు గళగళా దిగుతున్నాయి. ఇంత దగ్గరగానా అనుకుని, ఈసారి కల్లోంచే కళ్ళు తెరిచాను. మంత్రాలయం పిల్ల నా తలాపున వంగి ఉంది. తడిసిన నైటీ, నుదుటికి అతుక్కున్న జుట్టు. చప్పుడు కాకూడదని ఎర్ర బకెట్‌ని రెండు చేతులతో మెల్లగా, ఎంతో మెల్లగా బండ మీదికి దించుతోంది. లోపల నీళ్ళు ఊగి అంచులకు తగిలి గళగళమంటున్నాయి. తీగ ఒరుసుకుని ఆమె అరచెయ్యి ఎర్రగా గీరుకుపోయి ఉంది.

నేను చూస్తున్నానని చూసి ఆమె ముఖం ముడుచుకుంది. "ఏమే, అట్ల చూస్తాండావు?"

"ఎందుకు?" అన్నాను. నెలల తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అదే.

ఆమె తన మంచం మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "చీటీల పొద్దు అక్క నన్ను పంపించింది, నిన్ను పిల్చుకురమ్మని. వస్తే, నువ్వు దిండులో మొగం పెట్టుకొని ఏడుస్తాండావు. పిలవలేకపోతి. దిగిపోయి, రాదంట అని చెప్పినా. నీ పేరు ఎయ్యలే. నా వల్ల నీకు ఎవరూ లేకుండ పోయిరి." తుడిచిన గుడ్డని మంచం కోడు మీద వేసింది. "రోజూ ఏడ్చి ఏడ్చి, సరిగ్గా నీళ్ళొచ్చే టయానికి నిద్రపోతావు. లేపబుద్ధి కాలే. దాంట్లో ఏముండాది, ఎట్లా నా బకెట్ కోసం దిగేదాన్నే కదా."

నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి తలగడ కొరుక్కోలేదు, నోరు తెరిచే ఏడ్చాను. నా వీపు చూస్తూ అన్ని రాత్రులు ఆమె మెలకువగా ఉందని, నేను వీపు తిప్పిందే తప్ప ఒక్కసారీ అటు చూడలేదని గుర్తొచ్చి సిగ్గుతో కుంచించుకుపోయాను. రుమాలు మూట తీసి ఆమె ఒళ్ళో పడేశాను. విప్పి, ఒక ఉండ కొరికి, "బెల్లం శానా ఎక్కువైంది" అంది. ఆరూ తినేసింది.

తొమ్మిదింటికి మా నాయన వచ్చాడు. సెలవుల రోజు మాత్రం సామాన్లు మోయడానికి నాన్నల్ని పైకి రానిస్తారు. కొత్త కొబ్బరితాడు చుట్ట భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, కడప బండల మీద అడుగు పెట్టి నవ్వాడు. నన్ను తీసుకుపోతున్నానన్న సంతోషం ఆయన ముఖంలో దాగలేదు. తాడు విప్పి పరుపు చుట్టబోయాడు. ఆ తర్వాత ఎర్ర బకెట్ పిడి పట్టుకుని, తాను చుట్టిన తీగని వేలితో తడిమి, "నీళ్ళుండాయే దీంట్లో. పారబోసి కట్టేస్తా" అన్నాడు.

"పారబొయ్యొద్దు నాయనా" అన్నాను. "నేనింకా పోసుకోలేదు."

ఆ నీళ్ళతో స్నానం చేసి వచ్చాను. ఖాళీ బకెట్‌ని తుడిచి, నా మంచం కింద, మంత్రాలయం పిల్ల నీలం బకెట్ పక్కన బోర్లించాను. పరుపు మీద దుప్పటి సర్దాను. బట్టల సంచి ఒక్కటే చేతిలోకి తీసుకున్నాను. కింద సిస్టర్ సొరుగులో ఉన్న కాగితం ఇంకా అడిగి తీసుకోవాలి.

నాయన మంచం కిందికి వంగి చూశాడు. నా ముఖం చూశాడు. విప్పిన తాడుని మోచేతికి మెల్లగా, కొస దాకా చుట్టుకున్నాడు.

"సెలవులైనాక ఏ పొద్దు దిగబెట్టల్ల మా?" అని అడిగాడు.